బెయిట్‌కాస్టింగ్ రీల్ కొంటున్నారా? ముందు బొటనవేలికి పని నేర్పండి

ఈ ఎపిసోడ్ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల గాలం వేసే మన తమ్ముళ్ళ కోసం. ఈ మధ్య చానామంది ఒకటే అడుగుతున్నారు. “అన్నా, బెయిట్‌కాస్టింగ్ రీల్ తీసుకోవాలనుకుంటున్నా. ఏది తీసుకోవాల? తీసుకుంటే నాకు వేయడం వస్తాదా?” అని.

అడిగినవాళ్ళలో ఒక తమ్ముడు ప్రొద్దుటూరులో మగ్గం నేస్తాడు. రాడ్డు, రీల్, లైన్ అన్నిటికీ కలిపి ఆరు వేలు పక్కన పెట్టుకున్నాడు. “ఆ డబ్బుకు మార్కెట్లో ఎన్ని కిలోల చేపలొస్తాయో తెలుసా?” అని ఇంట్లో ఇప్పటికే అంటున్నారంట. ఆ రీల్ నెల తిరక్కముందే అటక ఎక్కితే, మళ్ళీ ఇంట్లో ఆ మాట ఎత్తే ముఖం ఉండదు. అందుకే ఈ రోజు ఏ రీల్ స్టైల్‌గా ఉంది అనే మాట వద్దు. ఆ ఆరు వేలు దండగ కాకుండా ఎట్లా చూసుకోవాలో మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ రీల్‌కు అసలు బ్రేకు కంపెనీవాళ్ళు లోపల పెట్టింది కాదు, మన బొటనవేలు. ఆ వేలికి పని నేర్పకపోతే ఎంత ఖరీదైన రీల్ కొన్నా లైన్ చిక్కు పడుతుంది. నేర్పితే మామూలు రీల్‌తోనే రబ్బరు కప్పను తామరాకు పక్కన పెట్టినట్టు పెట్టొచ్చు. ఆ నేర్పడం నీళ్ళ దగ్గర కాదు, పొడి నేల మీద జరగాలి. రోజుకు అరగంట, పది సాయంత్రాలు. అంతే.

సరే, అసలు ఇది ఏంది? మనలో చానామంది వాడేది స్పిన్నింగ్ రీల్. రాడ్డు కింద వేలాడుతుంటుంది. దాంట్లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు. కదలకుండా ఉన్న స్పూల్ అంచు మీది నుంచి లైన్ చుట్లు చుట్లుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్ రీల్ రాడ్డు మీద కూర్చుంటుంది. దాంట్లో విసిరినప్పుడు స్పూలే గిరగిరా తిరుగుతూ లైన్ వదులుతుంది. తేడా మొత్తం ఇక్కడే ఉంది.

మగ్గం ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. చిలప నుంచి కండెకు నూలు చుట్టేటప్పుడు చూసే ఉంటారు. చిలప తొడిగిన చట్రం తిరుగుతుంటుంది. మీరు చుట్టడం ఠక్కున ఆపితే చట్రం వెంటనే ఆగుతుందా? ఆగదు. ఇంకో రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్ల నూలును లాగేవాళ్ళు లేరు కాబట్టి వదులై, కిందికి జారి చిక్కు పడుతుంది. రీల్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. లూర్ గాల్లో పోతూ పోతూ నెమ్మదిస్తుంది. స్పూల్ మాత్రం అదే జోరులో తిరుగుతుంటుంది. లూర్ తీసుకునే లైన్ కంటే స్పూల్ వదిలే లైన్ ఎక్కువైపోతుంది. ఆ మిగులు లైన్ స్పూల్ మీదే ఉబ్బి పిట్టగూడు మాదిరి అవుతుంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు.

ఇది ఇప్పటి తలనొప్పి కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో జార్జ్ స్నైడర్ అని ఒక గడియారాల పనివాడు ఉండేవాడు. 1800ల తొలి దశాబ్దాల్లో ఆయన పళ్ళ చక్రాలు పెట్టి, పిడి ఒకసారి తిప్పితే స్పూల్ చాలాసార్లు తిరిగే రీల్ చేశాడు. ఇప్పటి బెయిట్‌కాస్టర్లకు అదే పెద్దమ్మ. బంగారు పని తెలిసిన ప్రొద్దుటూరోళ్ళకు ఈ సంగతి నచ్చుతుందని చెబుతున్నా. ఇది సన్న పని చేసే చేతుల నుంచి పుట్టిన వస్తువు. దాన్ని వాడటానికీ బలం కంటే చేతివాటమే ఎక్కువ కావాలి.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. మీకు ఇది నిజంగా అవసరమా? అందరికీ అవసరం లేదు. మీరు ఎర్రలో, పిండి ముద్దో పెట్టి జిలేబీలు, చిన్న జెల్లలు పట్టేవాళ్ళయితే స్పిన్నింగ్ రీలే మేలు. ఏడు గ్రాముల లోపు బరువున్న ఎరను బెయిట్‌కాస్టర్‌తో విసరడం కొత్తవాళ్ళకు నరకం. తేలిక ఎర స్పూల్‌ను సరిగ్గా లాగలేదు. తేలిక ఎరల కోసమని వేరే సన్న రీళ్ళు ఉన్నాయి కానీ అవి మొదటి రీల్‌గా కొనేవి కావు.

మరి బెయిట్‌కాస్టర్ ఎవరికి? కొరమీను కోసం పోయేవాళ్ళకు, వాలుగ కోసం బరువైన లూర్లు వేసేవాళ్ళకు. కొరమీను గాలి పీల్చుకునే చేప. కొంతసేపటికొకసారి పైకొచ్చి గుటక వేసి పోతుంది. అది ఉండేది ఎక్కడ? గుర్రపుడెక్క పక్కన, తుంగలో, మునిగిన కంపల్లో. అక్కడ రబ్బరు కప్పను రెండు అడుగులు అటు వేస్తే చెట్టుకు తగులుకుంటుంది, రెండు అడుగులు ఇటు వేస్తే చేప చూడదు. బెయిట్‌కాస్టర్‌లో లూర్ గాల్లో ఉండగానే బొటనవేలితో నెమ్మది చేసి, అనుకున్న చోట దింపొచ్చు. చేప తగిలాక దాన్ని నాచులోకి దూరనీయకుండా లావు లైన్‌తో బలంగా లాగొచ్చు. ఈ రెండు పనుల కోసమే ఈ రీల్. మీ చేపల వేటలో ఈ రెండు పనులు లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.

అవసరమే అనుకున్నవాళ్ళు ఇప్పుడు వినండి. కొనేటప్పుడు ఏం చూడాల?

మొదటిది పిడి ఏ పక్క ఉంది అనేది. స్పిన్నింగ్ రీల్‌లో పిడిని ఊడదీసి ఆ పక్కకో ఈ పక్కకో మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టర్‌లో అది కుదరదు. కుడి పిడి రీల్, ఎడమ పిడి రీల్ వేరువేరుగా చేస్తారు. ఆన్‌లైన్‌లో ఆఫర్ కనిపించిందని గబగబా నొక్కేసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మీరు ఇప్పటిదాకా కుడిచేత్తో విసిరి, ఎడమచేత్తో పిడి తిప్పుతున్నారా? అయితే ఎడమ పిడిది తీసుకోండి. విసిరాక రాడ్డు చేయి మార్చుకోవాల్సిన పని ఉండదు. ఆర్డర్ పెట్టే ముందు “లెఫ్ట్ హ్యాండ్”, “రైట్ హ్యాండ్” అని రాసింది రెండుసార్లు చూసుకోండి.

రెండోది గేర్ రేషియో. రీల్ మీద 5.4, 6.3, 7.1 అని అంకెలు ఉంటాయి. 7.1 అంటే పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఏడు చుట్లకు కొంచెం పైన తిరుగుతుంది. అంకె పెద్దదైతే లైన్ త్వరగా చుట్టుకుంటుంది, కానీ పిడి బరువనిపిస్తుంది. అంకె చిన్నదైతే నెమ్మది, కానీ లాగే బలం ఎక్కువ. కప్ప లూర్ ఆడించేటప్పుడు లైన్ వదులవుతూ ఉంటుంది, కొరమీను కొట్టగానే ఆ వదులును చుట్టేయాల. కాబట్టి ఒక్కటే రీల్ కొనేవాళ్ళు 6.3 నుంచి 7.3 మధ్యలో తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది.

మూడోది బ్రేకు. రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి అయస్కాంతం బ్రేకు. అల్యూమినియం స్పూల్ పక్కన చిన్న అయస్కాంతాలు ఉంటాయి. స్పూల్ తిరిగితే దాంట్లో కరెంటు సుళ్ళు పుట్టి, తిరగడాన్నే అడ్డుకుంటాయి. ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా పట్టుకుంటాయి. బయట ఒక బిళ్ళ ఉంటుంది, దాని మీద అంకెలు ఉంటాయి, తిప్పుకోవడమే. రెండోది సెంట్రిఫ్యూగల్ బ్రేకు. రంగులరాట్నం తిరిగితే కుర్చీలు బయటికి పోతాయి కదా, ఆ మాదిరిగా చిన్న చిన్న బిళ్ళలు బయటికి జరిగి రాపిడి కలిగిస్తాయి. చాలా మోడళ్ళలో దీన్ని మార్చాలంటే పక్క మూత తీయాల్సి ఉంటుంది. కొత్తవాళ్ళకు బయటి నుంచే తిప్పుకునే అయస్కాంతం బ్రేకు సులువు. గాలి మారినప్పుడల్లా మూత ఊడదీస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు.

షిమానోవాళ్ళ డీసీ రీళ్ళ గురించి కూడా అడుగుతున్నారు. వాటి లోపల చిన్న చిప్ ఉంటుంది, స్పూల్ వేగం చూసుకుని బ్రేకు తనే వేస్తుంది. మంచివే, కాదనను. కానీ ఆరు వేల బడ్జెట్ పెట్టుకున్న తమ్ముడు దానికోసం అప్పు చేయాల్సిన పని లేదు. ఎదురుగాలిలో గట్టిగా విసిరితే ఆ చిప్ ఉన్న రీల్ కూడా చిక్కు పడుతుంది. అప్పుడు కూడా ఆపాల్సింది వేలే.

ఇక అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేవి. “18+1 బాల్ బేరింగులు” అని ఉంటుంది. బేరింగులు ఎన్ని అనేదాని కంటే ఎట్లాంటివి అనేది ముఖ్యం. నాలుగైదు మంచి బేరింగులున్న రీల్, పద్దెనిమిది నాసిరకం బేరింగులున్న రీల్ కంటే నునుపుగా తిరుగుతుంది. అంకె చూసి పడిపోవద్దు. షాపులో చేతికి ఇస్తే పిడిని అటూ ఇటూ కదిలించి చూడండి, గలగలా ఊగకూడదు. బటన్ నొక్కి స్పూల్‌ను వేలితో తిప్పండి. గరగరమని శబ్దం రాకుండా సాఫీగా తిరగాల. డ్రాగ్ చక్రాన్ని ఒక్కో పన్ను తిప్పుతూ లైన్ లాగితే పట్టు కొంచెం కొంచెంగా పెరగాల, ఒక్కసారిగా బిగుసుకోకూడదు.

రీల్ ఒక్కటే కొంటే చాలదు, రాడ్డు కూడా దానికి తగ్గదే కావాల. స్పిన్నింగ్ రాడ్డుకు రింగులు కింద వైపు, పెద్దగా ఉంటాయి. బెయిట్‌కాస్టింగ్ రాడ్డుకు రింగులు పై వైపు, చిన్నగా ఉంటాయి, చేతి పట్టు దగ్గర వేలికి ఒక కొక్కెం ఉంటుంది. ఉన్న రాడ్డుకే ఈ రీల్ బిగిద్దాం అనుకోవద్దు. ఆరున్నర నుంచి ఏడు అడుగుల మీడియం హెవీ రాడ్డు మన కొరమీనుకు సరిపోతుంది. రాడ్డు మీద ఎన్ని గ్రాముల లూర్ వేయొచ్చో రాసి ఉంటుంది. 10 నుంచి 28 గ్రాములు అని ఉంటే మంచిది. కాబట్టి బడ్జెట్‌లో సగం రీల్‌కు, మిగతా సగం రాడ్డుకు, లైన్‌కు అని పంచుకోండి. మొత్తం రీల్‌లోనే పోసేసి, లైన్ దగ్గర నాసిరకం కొంటే మళ్ళీ మొదటికొస్తాం.

లైన్ సంగతి. నేర్చుకునేటప్పుడు మామూలు నైలాన్ మోనో వాడండి, 0.35 మిల్లీమీటర్ల మందంలో. చవక, చిక్కు పడినా విప్పడం సులువు, కోసి పారేసినా బాధ ఉండదు. చేయి కుదిరాక కప్ప లూర్ కోసం 40, 50 పౌండ్ల అల్లిక లైన్, అదే బ్రెయిడ్, ఎక్కించుకోండి. బ్రెయిడ్ ఎక్కించే ముందు స్పూల్‌కు అడుగున కొంత మోనో చుట్టండి. లేకపోతే గట్టిగా లాగినప్పుడు మొత్తం లైన్ ఉండలాగా స్పూల్ మీద జారుతుంది. స్పూల్‌ను అంచుదాకా నింపొద్దు, మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి.

ఇప్పుడు అసలు పాఠం. ప్రొద్దుటూరు వాళ్ళకు దేవుడిచ్చిన గ్రౌండ్ ఉంది. పెన్న. సంవత్సరంలో చానా నెలలు అక్కడ నీళ్ళుండవు, ఇసుకే. చెట్లు అడ్డం రావు, తీగలు అడ్డం రావు. ఒక్క జాగ్రత్త. వానకాలంలో పైన మైలవరం నుంచి నీళ్ళు వదులుతారు. ఆ రోజుల్లో నదిలోకి దిగొద్దు. రెండో జాగ్రత్త, రీల్‌ను ఇసుకలో పెట్టొద్దు. ఒక్క రేణువు లోపలికి పోతే గేర్లు అరుగుతాయి. జమ్మలమడుగు వాళ్ళు స్కూల్ గ్రౌండు చూసుకోండి. పులివెందుల వాళ్ళు పంట కోసిన చేనులో నేర్చుకోవచ్చు. మనుషులు, పశువులు తిరిగే చోట మాత్రం వద్దు.

లైన్ చివర ముల్లు కట్టొద్దు. 15 గ్రాముల బరువు కట్టండి. ఆన్‌లైన్‌లో రబ్బరు బరువులు దొరుకుతాయి. లేకపోతే మెకానిక్ షాపులో ఒక ఇనుప నట్టు అడిగి, దానికి టేపు చుట్టుకోండి.

మొదట టెన్షన్ మర. పిడి వైపే, పిడికి పక్కన ఒక చిన్న మర ఉంటుంది. అది స్పూల్ ఇరుసును పక్క నుంచి నొక్కుతుంది. రాడ్డును ముందుకు చాచి పట్టుకోండి. బటన్ నొక్కి వేలు తీయండి. బరువు నెమ్మదిగా కిందికి దిగాల. నేలను తాకగానే స్పూల్ ఆగిపోవాల. తాకినాక కూడా తిరిగితే మర ఇంకొంచెం బిగించండి. అసలు దిగకపోతే కొంచెం వదులు చేయండి. లూర్ మార్చినప్పుడల్లా ఈ పని మళ్ళీ చేయాల. ఇరవై గ్రాముల కప్పకు పెట్టింది పన్నెండు గ్రాముల లూర్‌కు సరిపోదు.

తర్వాత బ్రేకు బిళ్ళ. పదిదాకా అంకెలుంటే తొమ్మిది మీద పెట్టండి. దూరం పోదు, పోకపోయినా పర్లేదు. మొదటి మూడు సాయంత్రాలు పది, పన్నెండు మీటర్లు పోతే చాలు.

ఇంకో చిట్కా. మీరు వేయగలిగినంత దూరం వేయండి. ఆ తర్వాత చేత్తో ఇంకో ఐదారు మీటర్ల లైన్ బయటికి లాగండి. ఇప్పుడు స్పూల్ మీద మిగిలిన లైన్‌కు ఒక చుట్టు కరెంటు టేపు అంటించండి. దాని మీద బయట ఉన్న లైన్ చుట్టేయండి. ఇంక ఎంత పెద్ద చిక్కు పడినా టేపు దాటి లోపలికి పోదు. కొత్తవాళ్ళ భయం సగం ఇక్కడే పోతుంది.

విసరడం ఎట్లా? రాడ్డును పక్కకు వంచి పట్టుకోండి. మణికట్టు సులువుగా తిరుగుతుంది. బరువు రాడ్డు చివర నుంచి జానెడు కింద వేలాడాల. బొటనవేలు స్పూల్ మీద గట్టిగా, బటన్ నొక్కి ఉంచండి. రాడ్డును వెనక్కి తీసుకుని, ముందుకు సాఫీగా ఊపండి. కొరడా ఝళిపించినట్టు చేయొద్దు. చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ ఝళిపింపు వల్లే వస్తాయి. జర్క్ ఇస్తే స్పూల్ ఒక్కసారిగా ఎగిరి పరుగెడుతుంది, బరువు వెనకబడిపోతుంది. రాడ్డు మీ తల దాటి కళ్ళ ముందుకొచ్చేటప్పుడు వేలు సడలించండి. గమనించండి, “సడలించండి” అన్నా, “ఎత్తేయండి” అనలా. వేలి తోలు లైన్‌ను తాకీతాకనట్టు ఉండాల. వేగంగా పోయే సైకిల్ చక్రానికి ఈక ఆనించినట్టు.

బరువు నేలను తాకడానికి ఒక్క క్షణం ముందు వేలు నొక్కేయండి. స్పూల్ ఆగిపోవాల. ఇదీ పాఠం. మిగతాదంతా దీనికి ముందుమాట. బరువు పడిన శబ్దం విన్నాక నొక్కితే అప్పటికే ఆలస్యం. కాబట్టి కళ్ళు బరువు మీదే ఉండాల, రీల్ మీద కాదు.

నేను మన కుర్రాళ్ళకు నేర్పేటప్పుడు నాలుగో రోజు నుంచి ఒక చీనీకాయల క్రేటు తెచ్చి పదిహేను మీటర్ల దూరంలో పెడతా. “దూరం వద్దు, క్రేటు పక్కన పడాల” అంటా. అంతే, ఝళిపించడం దానంతటదే తగ్గిపోతుంది. దూరం కోసం ఆశపడే చేతికి చిక్కు పడుతుంది. గురి కోసం వేసే చేయి మెత్తబడుతుంది. ఏడో రోజు నుంచి బ్రేకును ఒక్కో అంకె తగ్గించండి. తగ్గించాక వరసగా ఇరవై సార్లు చిక్కు లేకుండా పోతేనే ఇంకో అంకె. పదో రోజుకు నాలుగైదు మీద ఇరవై, ఇరవై ఐదు మీటర్లు పోతుంటే మీరు నీళ్ళకు రెడీ.

చిక్కు పడింది అనుకోండి. పడుతుంది, ఎంత పేరున్నవాళ్ళకైనా పడుతుంది. లైన్ పట్టుకుని లాగొద్దు, ముడి బిగుస్తుంది. చేయాల్సింది ఇది. బొటనవేలితో స్పూల్‌ను బాగా గట్టిగా నొక్కిపట్టండి. నొక్కిపట్టే పిడిని రెండు మూడు చుట్లు తిప్పండి. లోపల మడతపడిన చుట్లు చదునవుతాయి. ఇప్పుడు బటన్ నొక్కి లైన్ మెల్లగా బయటికి లాగండి. చాలాసార్లు ఒకటి రెండు సార్లలోనే విడిపోతుంది. విడిపోకపోతే మళ్ళీ అదే చేయండి. కత్తెర చివరి మందు.

కోయాల్సి వస్తే, కోసిన లైన్ ముక్క జేబులో వేసుకోండి. గట్టు మీద పారేస్తే కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. నైలాన్ కుళ్ళదు. అదొక్కటి నా మాట కోసం చేయండి.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి పోదాం. జమ్మలమడుగు వాళ్ళకు మైలవరం డ్యాం, పైన గండికోట రిజర్వాయర్. పులివెందుల వాళ్ళకు పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, సింహాద్రిపురం వైపు పైడిపాలెం. ఒకప్పుడు చుక్క నీటికి ఎదురుచూసిన నేలలో ఇంత నీళ్ళు నిలబడినాయి. ఈ నీళ్ళల్లో లైసెన్సు తీసుకుని వలలు వేసి బతికే మత్స్యకారులు ఉన్నారు. ముందు వాళ్ళను కలవండి. “అన్నా, ఇక్కడ గాలం వేసుకోవచ్చునా? ఎక్కడ వేయొచ్చు?” అని అడగండి. మనకు సరదా, వాళ్ళకు తిండి. వాళ్ళ వల దగ్గర మన ముల్లు పడకూడదు. డ్యాం కట్ట మీద, గేట్ల దగ్గర వేయొద్దు.

మన గట్ల దగ్గర రాళ్ళు చానా. బ్రెయిడ్ లాగే బలానికి గట్టిది కానీ, రాయి అంచుకు రాసుకుంటే పట్టుమని తెగుతుంది. అందుకే రాళ్ళ చోట చివర ఒక రెండు అడుగులు లావు మోనో ముక్క కట్టుకోండి. ప్రతి అరగంటకు వేళ్ళతో తడిమి చూడండి. గరుకు తగిలితే ఆ ముక్క కోసి కొత్తగా కట్టండి.

గాలి గురించి. ఈ రిజర్వాయర్లు బయలు ప్రదేశాలు. ఆషాఢం గాలిలో ఎదురుగా విసిరితే లూర్ గాల్లోనే ఆగిపోతుంది, స్పూల్ ఆగదు. గాలి వీపుకు తగిలేట్టు నిలబడండి. ఆ చోటు లేకపోతే బ్రేకు రెండు మూడు అంకెలు పెంచి, లూర్‌ను కిందుగా, నీళ్ళకు దగ్గరగా పోనివ్వండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. గండికోట రిజర్వాయర్ వెనక నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరును ఖాళీ చేయించి నీళ్ళు నింపారు. కొండాపురం వైపు కూడా అదే కథ. ఆ నీళ్ళ కింద గోడలున్నాయి, చెట్లున్నాయి, తోటలున్నాయి, బావులున్నాయి. మీ లూర్ తగులుకునేది ఎవరి ఇంటి గడపకో, ఎవరు నాటిన చెట్టుకో. చేపలు అక్కడే ఉంటాయి, నిజమే. అటువైపు నిలబడి ఈలలు, కేకలు, రీల్స్ వీడియోలు కొంచెం తగ్గించుకుందాం. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ గట్టు మీదికొచ్చి చూసి పోతుంటారు.

లూర్ తగులుకుంటే ఏం చేయాల? స్పూల్‌ను గట్టిగా పట్టుకుని, రాడ్డును నేరుగా లైన్ వైపు చూపించి, వెనక్కి నడవండి. వస్తే వస్తుంది, తెగితే తెగుతుంది. లైన్‌ను వట్టి చేతికి చుట్టి లాగొద్దు, బ్రెయిడ్ చేతిని కోస్తుంది. లూర్ కోసం నీళ్ళలో దిగనే దిగొద్దు. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగులో బావి ఉండొచ్చు. మూడు వందల రూపాయల కప్ప కోసం అమ్మను ఏడిపించొద్దు. ఈత వచ్చినా సరే దిగొద్దు. కాళ్ళకు లైన్ చుట్టుకుంటే ఈత పనికిరాదు. ఒంటరిగా పోవద్దు. ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పి పోండి.

ఇంకొక్కటి. వానలు పడినాక గట్టు పక్కన నీళ్ళ మీద ఎర్రగా, నారింజ రంగులో చిన్న చిన్న పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే చూసే ఉంటారు. అవి కొరమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్పను వేస్తే అవి కోపంతో కొట్టి తీరతాయి. తగలడం చానా సులువు. అందుకే వేయొద్దు. ఆ పెద్ద చేపను మీరు తీసుకుపోతే ఆ పిల్లలను మిగతా చేపలు, పక్షులు గంటల్లో ఊడ్చేస్తాయి. గురి నేర్చుకున్న చేతికి ఎక్కడ వేయాలో తెలిసినట్టే, ఎక్కడ వేయకూడదో కూడా తెలియాల.

ఇంటికొచ్చాక రీల్‌ను తడిగుడ్డతో తుడవండి. కుళాయి కింద పెట్టొద్దు, దుమ్ము లోపలికి పోతుంది. డ్రాగ్, టెన్షన్ మర రెండూ వదులు చేసి పెట్టండి. నెలకొకసారి బేరింగుకు ఒక్క చుక్క సన్న నూనె. ఒక్క చుక్క అంటే ఒక్క చుక్కే. కుట్టుమిషన్ నూనె ఉంటే సరిపోతుంది. వంటనూనె వద్దు, జిగురు కడుతుంది.

మగ్గం తమ్ముడికి నా సమాధానం ఇది. ఎడమ పిడి, 6.3 నుంచి 7.3 మధ్య గేరు, బయటి నుంచి తిప్పే అయస్కాంతం బ్రేకు, దానికి తగ్గ రాడ్డు, మామూలు మోనో లైన్. ఆరు వేల లోపలే చూసుకో. పది సాయంత్రాలు పెన్న ఇసుకలో గడుపు. నూలు తెగకుండా చూసుకునే వేళ్ళు నీవి, మాకంటే నీకే త్వరగా వస్తుంది.

మీరు నేర్చుకుంటూ ఎక్కడ ఆగిపోయారో, ఎన్నో రోజుకు క్రేటు పక్కన పడిందో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో రబ్బరు కప్పను నీళ్ళ మీద ఎట్లా నడిపించాలో, కొరమీను కొట్టాక ఎంతసేపు ఆగి లాగాలో చూద్దాం. జాగ్రత్తగా పోయి, క్షేమంగా ఇంటికి రండి. ఉంటా మరి, నమస్తే.